తక్కువ ఖర్చులో పొగపొయ్యికి వేడి అదుపు
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో తీర గ్రామాల చేపల సంఘాల తరఫున చేసిన ప్రసంగం)



మా పొదుపు లెక్కలు, లోన్ల వాయిదాలు ఈ పుస్తకంలో వేరే పేజీల్లో ఉన్నాయి. వాటిని మళ్లీ చదివి మీ టైము తీసుకోము. మేము చెప్పేది ఒక చిన్న పరికరం గురించి. పొగపొయ్యిలో వేడి పెరగకుండా, తగ్గకుండా చూసే కంట్రోలర్ అది. ఈ ఏడాది మా దగ్గర దాన్ని చూసి వెళ్లిన సంఘాలవాళ్లు "ఎంతయింది? ఎక్కడ దొరుకుతుంది? మేమూ పెట్టుకోవచ్చా?" అని అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పేకన్నా అందరికీ ఒకేసారి చెబుదామని ఇలా నిలబడ్డాము.

మెట్ట ఊళ్ల నుంచి వచ్చిన అక్కలకు ముందు మా పని చెప్పాలి. ఎండబెట్టిన చేప అందరికీ తెలుసు. మబ్బు పట్టినా, ముసురు పట్టినా ఎండు చేప పని ఆగిపోతుంది. అలాంటప్పుడు కవ్వళ్లు, కానాగంతలు, సూరలు పొగబెడతాము. చేప కడుపు తీసి, కడిగి, ఉప్పునీళ్లలో ఉంచి, ఆరబెట్టి, ఇనప జల్లెడ మీద పేర్చి కింద కొబ్బరి డొక్కలతో నిప్పు చేస్తాము. వేడికి చేప ఉడుకుతుంది, ఆరుతుంది. పొగకు రంగు, వాసన వస్తాయి. వినడానికి తేలికే. కష్టమంతా ఆ నిప్పు దగ్గరే ఉంది.

నిప్పు ఎక్కువైతే పైతోలు మాడి, లోపల పచ్చిగా ఉంటుంది. తక్కువైతే చేప ఉడకదు, తెల్లారేసరికి వాసన కొడుతుంది. అందుకని ఒక మనిషి పొయ్యి పక్కనే కూర్చోవాలి. డొక్క ఎగదోయాలి, నీళ్లు చిలకరించాలి, చెయ్యి పెట్టి వేడి చూడాలి. ఆ మనిషి ఎవరు? ఎప్పుడూ ఇంట్లో ఆడమనిషే. రాత్రి పదికి కూర్చుంటే మూడింటికి లేస్తుంది. ఐదింటికి మళ్లీ రేవుకు పోవాలి. మా సంఘాల్లో ఏళ్ల తరబడి ఈ పని చేసినవాళ్ల కళ్లు చూడండి, దగ్గు వినండి. మాకు కావలసింది పొగ మానడం కాదు, పొగలో కూర్చోవడం మానడం.

ఈ మాట ఊళ్లో తెలిసి ఒక యంత్రాల కంపెనీ మనుషులు వచ్చారు. స్టీలు బీరువాలాంటి పొగ యంత్రం ఫొటోలు చూపించారు. బటన్ నొక్కితే చాలు, అంతా అదే చేస్తుందన్నారు. ధర లక్షల్లో ఉంది. సంఘం పేరున లోను పెట్టుకోమన్నారు, కాగితాలు కూడా తెచ్చారు. మీటింగులో మూడు ప్రశ్నలు వేసుకున్నాము. ఆ యంత్రం నిండాలంటే రోజూ ఎంత చేప కావాలి? వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు అది ఖాళీగా ఉంటే వాయిదా ఎవరు కడతారు? పాడైతే బాగుచేసేవాడు ఎక్కడి నుంచి రావాలి? మూడింటికీ సరైన జవాబు రాలేదు. సంతకం పెట్టలేదు. అప్పు చేసి పప్పుకూడు మనకెందుకని పెద్దమ్మలు తేల్చేశారు.

అయితే ఆ యంత్రంలో మనకు నిజంగా కావలసింది ఏమిటని విడదీసి చూశాము. స్టీలు కాదు, అద్దం తలుపు కాదు. వేడి ఇంత ఉండాలని చెబితే అంతే ఉంచే కంట్రోలర్ ఒక్కటే కావాలి. అదొక్కటీ మన పొయ్యికే పెట్టుకోవచ్చని తెలుసుకోవడమే ఈ ఏడాది మేము చేసిన పని.

ఇది ఎలా పనిచేస్తుందో చెబుతాము, జాగ్రత్తగా వినండి. ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక. నిప్పును నడిపించేది గాలి. కమ్మరి కొలిమి తిత్తి మీరు చూసే ఉంటారు. ఊదితే బొగ్గు రాజుకుంటుంది, ఊదడం ఆపితే నెమ్మదిస్తుంది. మన పొయ్యికీ అంతే. నిప్పు గూడును అన్ని వైపులా మూసేసి గాలి పోవడానికి ఒకే దారి ఉంచాలి. ఆ దారిలో చిన్న ఫ్యాను పెట్టాలి. చేపల అరలో వేడి తగ్గితే ఫ్యాను తిరగాలి, సరిపడా వేడి వచ్చాక ఆగాలి. ఫ్యానుకు తిరుగు, ఆగు అని చెప్పే చిన్న బోర్డే కంట్రోలర్. దానికి ఒక వైరు, వైరు చివర వేడిని కొలిచే సెన్సారు ఉంటాయి.

బజారులో ఇవి చాలా రకాలున్నాయి. మనకు పనికొచ్చేవి మూడు.

మొదటిది డబ్ల్యూ 1209 అనే బోర్డు. అరచేతిలో సగం కూడా ఉండదు. 12 వోల్టుల కరెంటుతో నడుస్తుంది. మైనస్ 50 నుంచి 110 డిగ్రీల వరకు కొలుస్తుంది. మన పొగపొయ్యి 80 డిగ్రీలు దాటనక్కర్లేదు కాబట్టి సరిపోతుంది. అన్నిటికంటే చవక ఇదే.

రెండవది ఎస్‌టీసీ 1000. ఇది డబ్బాతో సహా వస్తుంది, నేరుగా ఇంటి కరెంటు మీద నడుస్తుంది. ఫ్రిజ్‌లకు, గుడ్లు పొదిగే పెట్టెలకు వాడతారు. 99 డిగ్రీల వరకు చూపిస్తుంది. కరెంటు హీటరుతో చేసే డ్రయ్యరు ఉన్న సంఘాలకు ఇది బాగుంటుంది. కానీ ఇంటి కరెంటు కాబట్టి తడి చేతులతో పనిచేసే చోట భయం ఉంటుంది.

మూడవది పీఐడీ కంట్రోలర్. రెక్స్ సీ 100 అనే పేరుతో దొరికేది ఈ రకమే. మొదటి రెండూ తిరుగు, ఆగు అని మాత్రమే చెబుతాయి. పీఐడీ మాత్రం వేడి ఎంత తొందరగా పెరుగుతోందో చూసి ముందే తగ్గించడం మొదలుపెడుతుంది. దీనికి కే రకం థర్మోకపుల్ పెడితే వందల డిగ్రీల వరకు కొలుస్తుంది. బిస్కట్లు, కేకులు చేసే ఓవెన్లకు మంచిది. మన చేపల పనికి అంత అవసరం లేదు.

మేము మొదటిదే తీసుకున్నాము. కారణం చవక ఒక్కటే కాదు. 12 వోల్టులు కాబట్టి షాకు భయం లేదు. కరెంటు పోతే ఆటో బ్యాటరీ తగిలించినా నడుస్తుంది. మన ఊళ్లలో రాత్రిపూట కరెంటు సంగతి మీకు తెలిసిందే.

ఇక ఒక పొయ్యికి మాకు అయిన ఖర్చు చెబుతాము, రాసుకోండి. బోర్డు 180 రూపాయలు. దానికి ప్లాస్టిక్ డబ్బా 60. కంప్యూటర్లలో వాడే రకం 12 వోల్టుల చిన్న ఫ్యాను 220. అడాప్టరు 200. ఫ్యాను బిగించే ఇనప గొట్టం, వెల్డింగు కలిపి 350. వైర్లు, స్విచ్చి 90. మొత్తం 1,100 రూపాయలు. వీటితోపాటు చేపలో గుచ్చి వేడి చూసే థర్మామీటరు 400 పెట్టి కొన్నాము. అన్నీ కలిపి 1,500. అందులో కొన్ని కాకినాడ ఎలక్ట్రానిక్ షాపుల్లో, కొన్ని ఆన్‌లైన్‌లో తెప్పించాము. మీరు కొనేనాటికి ధర కాస్త అటూ ఇటూ ఉండొచ్చు.

బిగించే పద్ధతి ఇది. అడాప్టరు ప్లస్ వైరును బోర్డు మీద 12 వోల్టులు అని రాసి ఉన్న చోట కలపాలి. అక్కడి నుంచే ఇంకో ముక్క కే0 అన్న చోటికి ఇవ్వాలి. కే1 నుంచి ఫ్యాను ప్లస్‌కు ఇవ్వాలి. ఫ్యాను మైనస్, అడాప్టరు మైనస్ రెండూ బోర్డు మైనస్‌కు కలపాలి. అంతే. ఈ బోర్డుకు ఇంటి కరెంటు మాత్రం ఎప్పుడూ నేరుగా ఇవ్వకూడదు. మా సంఘాల్లో ఇంటర్ చదివే ఇద్దరు ఆడపిల్లలు ఈ వైర్లు బిగించారు. వాళ్లను చూసి మేము నేర్చుకున్నాము. ఇప్పుడు స్క్రూడ్రైవరు పట్టుకోవడం మాలో ఆరుగురికి వచ్చు.

కొన్నాక ముందు సెన్సారును పరీక్ష చెయ్యాలి. కరుగుతున్న ఐసుముక్కల నీళ్లలో పెడితే 0 దగ్గర చూపించాలి. సలసల మరిగే నీళ్లలో పెడితే 100 దగ్గర చూపించాలి. మన ఊళ్లు సముద్ర మట్టంలోనే ఉన్నాయి కాబట్టి ఈ లెక్క సరిపోతుంది. ఒకటి రెండు డిగ్రీలు తేడా ఉంటే పీ4 అనే సెట్టింగులో సరిచేసుకోవచ్చు. అంతకంటే చాలా తేడా ఉంటే ఆ సెన్సారు వాడొద్దు.

సెట్టింగులు మూడు తెలిస్తే చాలు. సెట్ మీటను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే పీ0 వస్తుంది. అందులో హెచ్, సీ అని రెండుంటాయి. హెచ్ అంటే వేడి చేయడానికి, సీ అంటే చల్లబరచడానికి. మనం హెచ్ పెట్టుకోవాలి. సీ మీద ఉంటే అంతా తలకిందులు, వేడి పెరిగినకొద్దీ ఫ్యాను ఇంకా ఊదుతుంది. పీ1 అంటే ఎన్ని డిగ్రీలు తగ్గాక ఫ్యాను మళ్లీ తిరగాలో చెప్పేది. మేము 3 పెట్టాము. మరీ తక్కువ పెడితే టకటకమని ఆగుతూ తిరుగుతూ బోర్డు త్వరగా అరిగిపోతుంది. ఇక ఎంత వేడి కావాలన్నది సెట్ మీటను ఒకసారి నొక్కి పెట్టుకోవడమే. ఫ్యాను ఆగాక కూడా బొగ్గులో వేడి ఉంటుంది కాబట్టి ఇంకో నాలుగైదు డిగ్రీలు పైకి పోతుంది. అందుకని 80 కావాలంటే మేము 75 పెడతాము.

పరికరం ఎంత మంచిదైనా పొయ్యికి సందులుంటే పనిచేయదు. ఫ్యాను ఆగినా సందుల్లోంచి గాలి పోతూ ఉంటే నిప్పు ఆగదు. బంకమట్టి, ఇసుక, ఊక కలిపి సందులన్నీ మెత్తాలి. బూడిద తీసే తలుపు బిగుతుగా ఉండాలి. ఫ్యాను గొట్టానికి ఒక రేకు రెప్ప పెడితే, ఫ్యాను ఆగగానే అది పడి దారి మూస్తుంది. పెద్ద ఫ్యాను పెడితే త్వరగా అవుతుందని అనుకోవద్దు, బూడిద లేచి చేపకు అంటుకుంటుంది. సెన్సారు చేపల జల్లెడ ఎత్తులో ఉండాలి. ఇనుముకు తగలకూడదు, నిప్పుకు ఎదురుగా ఉండకూడదు. పొయ్యికి పాత డ్రమ్ము వాడేవాళ్లు మందులు, రసాయనాలు వచ్చిన డ్రమ్ము వాడొద్దు. నిప్పు దగ్గర జింకు పూత రేకు కూడా వద్దు, ఎర్రగా కాలితే ఆ పొగ మనిషికి చెరుపు.

ఇప్పుడు వేడి ఎప్పుడు ఎంత ఉండాలో చెబుతాము. పది లీటర్ల నీళ్లకు కిలో ఉప్పు వేసి, శుభ్రం చేసిన చేపను చిన్నదైతే అరగంట ఉంచుతాము. తీసి నీళ్లు ఓడ్చి, పైతోలు కాస్త బంకగా అయ్యేదాకా ఆరబెడతాము. ఆ బంకకే పొగ బాగా పడుతుంది. పొయ్యిలో మొదటి గంట 40 నుంచి 50 డిగ్రీలు, పైన పొగ పోయే దారి తెరిచి ఉంచాలి. తడి బయటకు పోవాలి. తడి చేపకు ఒక్కసారిగా వేడి తగిలిస్తే తోలు పగిలి కండ జల్లెడలోంచి కింద పడుతుంది. తర్వాత 60, చివరికి 80. చేప మధ్యలో థర్మామీటరు గుచ్చి చూడాలి. లోపల 63 డిగ్రీలు వచ్చి అరగంట అలాగే ఉంటే ఉడికినట్టు. ఈ 63 డిగ్రీలు, 30 నిమిషాల లెక్క అమెరికాలో చేపల పరిశ్రమకు అక్కడి ప్రభుత్వం చెప్పిన లెక్క. కంట్రోలర్ చూపించేది పొయ్యి వేడి, చేప లోపలి వేడి కాదు. రెండూ ఒకటేనని అనుకోవద్దు. అందుకే ఆ 400 రూపాయల థర్మామీటరు దండగ కాదు.

దీనివల్ల ఒరిగిందేమిటంటే, ఇదివరకు పది కిలోలు పొగబెడితే మాడినవి, విరిగినవి కిలో పైనే పక్కన పెట్టేవాళ్లం. ఇప్పుడు అలా తీసేవి అరుదు. సరుకు అంతా ఒకే రంగులో ఉంటోంది కాబట్టి సంతలో బేరం తగ్గింది. డొక్క కూడా తక్కువ కాలుతోంది. అన్నిటికంటే ముఖ్యం, పొయ్యి పక్కన కూర్చునే పని పోయింది. గంటకొకసారి వచ్చి డొక్క చూసి, అంకె చూసి వెళ్తే సరిపోతుంది. పిట్ట కొంచెం కూత ఘనం అంటారే, ఆ బోర్డు అలాంటిది.

ఇంకో మేలు కంటికి కనిపించదు. మంట ఎక్కువైనప్పుడు, చేప కొవ్వు కారి నేరుగా నిప్పులో పడినప్పుడు, పొగలో బెంజోపైరీన్ లాంటి క్యాన్సర్ తెచ్చే పదార్థాలు పుడతాయి. ఐరోపా దేశాల్లో కిలో పొగ చేపలో అది 2 మైక్రోగ్రాములు మించకూడదని నియమం ఉంది. నిప్పు గూడు వేరుగా ఉండి, మంట లేకుండా నిదానంగా రాజుకుంటే అవి తగ్గుతాయి. తినేవాళ్లకూ మంచిది, పొయ్యి దగ్గర ఉండే మనకూ మంచిది.

కట్టె సంగతి కూడా చెప్పాలి. మన పక్కనే కోరింగ మడ అడవి ఉంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. మడ కట్టె పొగకు బాగుంటుందని వెనకటి నుంచి ఒక మాట ఉంది. కానీ ఆ చెట్లు మన ఊళ్లకు తుపాను గోడ, చేపపిల్లలకు పుట్టిల్లు. వేడి అదుపులో ఉంటే కొబ్బరి డొక్కలు, సరుగుడు ముక్కలతోనే పని జరుగుతోంది. మడ జోలికి పోనక్కర్లేదు.

ఈ పరికరం చేయలేనివి కూడా చెప్పకపోతే మిమ్మల్ని మోసం చేసినట్టవుతుంది. చెడిన చేపను ఇది బాగుచేయదు. సూర, కానాగంత, కవ్వలం లాంటి చేపలను ఐసు లేకుండా ఉంచితే హిస్టమిన్ అనే విషం తయారవుతుంది. ఎంత వేడి పెట్టినా అది పోదు. తిన్నవాళ్లకు మొహం ఎర్రబడుతుంది, దద్దుర్లు, తలనొప్పి, వాంతులు వస్తాయి. కాబట్టి పడవ దిగినప్పటి నుంచి పొయ్యి ఎక్కేదాకా చేప ఐసులోనే ఉండాలి. అలాగే మెత్తగా పొగబెట్టిన చేప గట్టి ఎండు చేప కాదు. చల్లారాక ఐసులోనో ఫ్రిజ్‌లోనో ఉంచి త్వరగా అమ్మేయాలి. గాలి తీసి కవరులో సీలు వేసినంత మాత్రాన బయట నిల్వ ఉండదు, గాలి లేనిచోటే పెరిగే ప్రమాదకరమైన క్రిములు ఉన్నాయి. పొయ్యిని మూసిన గదిలో పెట్టొద్దు. నిదానంగా కాలే బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషి ప్రాణం తీస్తుంది. నాలుగువైపులా తెరిచిన పాకలోనే పెట్టాలి.

చివరగా డబ్బు మాట. 1,500 రూపాయలకు బ్యాంకు లోను అక్కర్లేదు. సంఘం లోపలి అప్పుతో, నెలకు 250 చొప్పున ఆరు నెలల్లో అసలు తీరిపోయే మొత్తం ఇది. పొయ్యి, పాక, ఐసు పెట్టెలతో కలిపి చేద్దామనుకునే సంఘాలకు 2020లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పీఎంఎఫ్ఎంఈ పథకం ఉంది. ఆహార పదార్థాల పని చేసే సంఘ సభ్యురాలికి 40,000 రూపాయల వరకు మూల నిధి, పెట్టుబడికీ చిన్న పనిముట్లకూ, అందులో పెట్టారు. అది సమాఖ్యకు వస్తుంది, సమాఖ్య సభ్యులకు అప్పుగా ఇస్తుంది. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో ఏపీఎం గారిని అడిగి ముందుకు వెళ్లండి. పొయ్యి కట్టే పద్ధతి మీద సలహా కావాలంటే కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థకు మన విశాఖపట్నంలోనే పరిశోధన కేంద్రం ఉంది. చేపల పొగపొయ్యిల మీద వాళ్లు ఎప్పటి నుంచో పని చేస్తున్నారు.

ఈ మహాసభ ముందు మేము పెట్టే కోరికలు మూడు. ఒకటి, బోర్డులు, ఫ్యాన్లు, థర్మామీటర్లు సమాఖ్య తరఫున ఒకేసారి కొని సంఘాలకు ఇస్తే ధర తగ్గుతుంది, చెడితే మార్చుకోవడానికి రెండు మూడు ఎక్కువ ఉంటాయి. రెండు, ప్రతి గ్రామ సంఘం నుంచి ఇద్దరు ఆడపిల్లలకు ఈ వైర్ల పని రెండు రోజులు నేర్పించండి. నేర్పడానికి మేము సిద్ధం, కూలి అడగము, భోజనం పెడితే చాలు. మూడు, ఎవరైనా పెద్ద యంత్రం ఫొటోలు, లోను కాగితాలు పట్టుకుని సంఘం మీటింగుకు వస్తే, సంతకానికి ముందు ఆ కాగితం సమాఖ్యలో చదవాలని తీర్మానం చేయండి. పెద్ద యంత్రాలు వద్దని మేము అనడం లేదు. సరుకు పెరిగి, కొనేవాళ్లు ఖాయమై, బాగుచేసే చెయ్యి మన ఊళ్లోనే ఉన్న రోజున తప్పకుండా కొందాం. అప్పటిదాకా మన పొయ్యిని మనమే బాగుచేసుకుందాం.

మా దగ్గర పొయ్యి చూడాలనుకునేవాళ్లు ఏ మంగళవారమైనా రండి. ఆ రోజు సంఘం మీటింగు ఉంటుంది, సాయంత్రం పొయ్యి వెలిగిస్తాము. వచ్చేటప్పుడు ముందురోజు ఒక్క మాట చెబితే చేప ఐసులో పెట్టి ఉంచుతాము.